బూజు గింజల మేస్త్రమ్మ

మిల్లులో ఆమెను అసలు పేరుతో పిలిచి పాతికేళ్లు దాటింది. యజమాని మొదలుకొని తూకం గుమాస్తా దాకా అందరికీ ఆమె మేస్త్రమ్మే. ఒకసారి కొత్తగా చేరిన గుమాస్తా హాజరు పుస్తకంలో ఉన్న పేరు చూసి గట్టిగా పిలిస్తే, షెడ్డులోని పదిహేడు మంది ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి మేస్త్రమ్మే, "అయ్యో, అది నేనే కదూ!" అంటూ లేచింది.

అది వేరుశనగ మిల్లు. ముందు షెడ్డులో యంత్రం కాయలు వలుస్తుంది. వెనక షెడ్డులో, ఉత్తరం కిటికీల కింద, నడుమెత్తున ఒక రబ్బరు పట్టా కదులుతూ ఉంటుంది. వలిచిన గింజలు దాని మీద వరసగా వస్తుంటే రెండు పక్కలా స్టూళ్ల మీద కూర్చున్న ఆడవాళ్లు చెడ్డవాటిని ఏరి డబ్బాల్లో వేస్తారు. రాళ్లకో డబ్బా, తాలుకో డబ్బా, విరిగిన పప్పుకో డబ్బా. మూతున్న నాలుగో డబ్బా బూజు పట్టినవాటికి.

మేస్త్రమ్మ పద్ధతి వేరు. మాట్లాడొద్దని ఎవర్నీ కసిరేది కాదు. "నోటికి సెలవిచ్చాను, కళ్లకి కాదు. అత్తగార్ల మీద ఎన్ని చాడీలైనా చెప్పుకోండి. పట్టా మీంచి చూపు తిప్పినవాళ్ల అత్తగార్ని మాత్రం నేనే స్వయంగా వెళ్లి పిలుచుకొస్తా" అనేది. ఆ బెదిరింపు ముందు ఏ జరిమానా అయినా దిగదుడుపే. షెడ్డంతా నవ్వులతో హోరెత్తేది, గింజలు మాత్రం ముత్యాల్లా శుభ్రపడి బయటికి పోయేవి.

ఇక ఆమె చూపు సంగతి చెప్పనే అక్కర్లేదు. పొట్టు మీద సన్నటి ముడతున్నా, మొన కాస్త నల్లబారినా, పసుపూ ఆకుపచ్చా కలిసిన నూగు ఆవగింజంత అంటుకున్నా, ఆమె వేళ్లు దాన్ని ఎగరేసుకుపోయేవి. పెళ్లయిన కొత్తలో ఈ పనికొచ్చినప్పుడు తొలిరోజే అప్పటి పెద్దావిడ చేత నాలుగు తిట్లు తిని ఏడ్చిన పిల్ల, ఇప్పుడు లారీ లోపలికొస్తుంటేనే గాలి వాసన పట్టి, "ఇది వానలో తడిసిన సరుకు. దింపొద్దు" అనేసేది. డ్రైవరు ఎంత వాదించినా, రెండు కాయలు చెవి దగ్గర ఆడించి, "గలగలమనాల్సింది మూగపోయింది చూడు" అని వెనక్కి పంపేది.

ఏరిన బూజు గింజలు ఏమయ్యేవో మాత్రం ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. శనివారం మధ్యాహ్నం వెనక గేటు దగ్గరికి ఒక వ్యాను వచ్చేది, వారమంతా పోగైన బస్తాలు ఎక్కించుకుని వెళ్లేది. చెత్త బయటికి పోతే ఇల్లు శుభ్రమయినట్టే కదా అనుకునేది.

ఆ బస్తాలు ఎక్కించేది ఆమె మొగుడే. హమాలీల పెద్ద. అరవై దగ్గరపడ్డాక తను బస్తా ఎత్తడం మానేశాడు గానీ, ఎత్తేవాళ్ల పక్కన నిలబడి జోకులు ఎత్తడం మానలేదు. మిల్లంతా ఆయన్ని మామ అంటుంది. మామకొక పాడు అలవాటు. నాలుగో డబ్బాలోంచి పిడికెడు గింజలు తీసి జేబులో పోసుకుని రోజంతా నములుతుండేవాడు.

"చేదుగా ఉంటాయి కదయ్యా, ఉమ్మెయ్యక ఎందుకు మింగుతావు?" అనేది మేస్త్రమ్మ.

"చేదు తింటే కడుపులో పురుగులు చస్తాయే!"

"పురుగుల సంగతి దేవుడెరుగు, నీ నోట్లోకి పోయేవి చూసి నా ఆకలి చస్తోంది."

ఇలా నవ్వుల్లోనే ఏళ్లు గడిచిపోయాయి.

ఒక సంవత్సరం ఓడెక్కిన సరుకు ఓడలోనే వెనక్కొచ్చింది. కొన్న దేశం వాళ్లు పరీక్ష చేస్తే అందులో ఏదో విషం ఉండనిచ్చే హద్దు కంటే ఎక్కువుందట. యజమాని మొహం వేలాడేశాడు. ముప్ఫై ఏళ్ల మిల్లు, ఎప్పుడూ ఒక్క మాట పడలేదు. ఆ సరుకు ఏరిన రోజుల్లో మేస్త్రమ్మ కూతురి పురుడని పదిహేను రోజులు సెలవులో ఉంది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు గానీ, అందరికీ తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

ఆ వారంలోనే ఒక పరీక్షశాల నుంచి అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. కళ్లద్దాలు, భుజానికి రెండు పెట్టెలు, చేతిలో నల్లటి ఇంకో పెట్టె. షెడ్డులో ఒక బల్ల అడిగి తీసుకుంది. నల్ల పెట్టె తెరిచి లోపల ఊదారంగు దీపం వెలిగించి గింజలు పోస్తే, కొన్ని గింజల మీద నీలంగా మిణుకు మిణుకుమంటూ మచ్చలు కనిపించాయి. ఆడవాళ్లంతా స్టూళ్లు వదిలి మూగారు.

"అమ్మాయ్, మా ఆయన బుర్రకి పట్టిన బూజు కూడా చూపిస్తుందా ఈ పెట్టె?" అంది ఒకామె.

"తల దూరదండీ, చిన్న పెట్టె" అంది ఆ అమ్మాయి సీరియస్‌గా. ఆ ఒక్క మాటతో షెడ్డుకి ఆమె సొంత మనిషి అయిపోయింది.

మేస్త్రమ్మ మాత్రం చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. "దీపంతో చూసేది నేను కళ్లతోనే చూస్తాను. అంతకంటే ఏముంది ఇందులో?"

"చూద్దాం పెద్దమ్మా" అని ఆ అమ్మాయి మూడు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో ఇంకా ఏరని గింజలు, ఒకదాంట్లో మేస్త్రమ్మ చేత్తో ఏరి శుభ్రం చేసినవి, మూడోదాంట్లో మూత డబ్బాలోవి. ఒక్కోదాన్ని పిండి చేసి, స్పిరిట్టులో కలిపి ఆడించి, వడగట్టి, అందులో ఒక కాగితపు పట్టీ ముంచి చిన్న మీటరులో పెట్టింది. "పది దాటితే ఆ దేశం వాళ్లు తీసుకోరు" అని ముందే చెప్పింది.

ఏరనివి ముప్ఫై చూపించాయి. మేస్త్రమ్మ ఏరినవి రెండు.

షెడ్డంతా చప్పట్లు. మేస్త్రమ్మ కట్టుకున్న చేతులు విప్పి, "రెండెందుకుంది? సున్నా రావాలి కదా" అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు, నిజంగానే అడిగింది.

"కంటికి కనిపించని బూజు కూడా ఉంటుంది పెద్దమ్మా. రెండంటే మీ కళ్లకి దండం పెట్టాలి." అంటూ అమ్మాయి మూడో పట్టీ పెట్టింది. మీటరు అంకె చూపించలేదు, తన లెక్కకి అందనంత ఎక్కువన్నట్టు గీతలు మాత్రం చూపించింది. ద్రావకాన్ని పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టింది. మళ్లీ గీతలే. అమ్మాయి మొహంలో నవ్వు పోయింది.

"ఈ బూజు ఊరికే కూర్చోదు. ఒక విషాన్ని తయారుచేసి గింజలోకి వదుల్తుంది. పైన తుడిచేసినా లోపల ఉంటుంది. వేయించినా ఉడకబెట్టినా పూర్తిగా పోదు. దీన్ని కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తిన్నవాళ్లకి కాలేయంలో క్యాన్సర్ వచ్చే ప్రమాదముంది. కామెర్ల వైరస్సుల్లో 'బి' రకం ఒంట్లో ఉన్నవాళ్లకైతే ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది."

"ఎంత తింటే?"

"ఒక లారీ పప్పులో చిటికెడు ఉప్పంత విషం కలిసినా, ఆ లారీని వెనక్కి పంపేస్తారు. అంత చాలు."

ఖాళీ పట్టా గరగరమంటూ తిరుగుతోంది. అమ్మాయి మూత డబ్బా వైపు చూసి అడిగింది. "ఏరినవన్నీ ఎక్కడికెళ్తాయి పెద్దమ్మా?"

ఇన్నేళ్లలో మేస్త్రమ్మను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "వ్యాను వస్తుంది" అంది. ఆ జవాబు తన చెవులకే తెలివితక్కువగా వినిపించింది.

ఆ శనివారం వ్యాను వచ్చినప్పుడు మామతో పాటు ఆమె కూడా ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుంది.

"షికారుకి తీసుకెళ్లవయ్యా అని ముప్ఫై ఏళ్లుగా అడుగుతుంటే పట్టించుకోలేదు. ఇవాళ నా అంతట నేనే బయలుదేరాను" అని మొగుడికి చెప్పింది. మామ మురిసిపోయాడు.

వ్యాను ఊరి రెండో చివర ఒక రేకుల షెడ్డు ముందు ఆగింది. లోపల రెండు పెద్ద బాణళ్లు, పొయ్యిల మీద ఎర్రటి ఇసుక, నూనె వాసన. పొట్లాల వ్యాపారి ఎదురొచ్చాడు. గుండ్రటి మనిషి, నవ్వు మొహం. మామను బావా అంటాడు, కాబట్టి మేస్త్రమ్మ అక్క అయిపోయింది.

"రా అక్కా, కూర్చో. నీ గురించి బావ చెప్తుంటాడు. తిని చూడు, ఇప్పుడే దించాను" అని కాగితంలో వేడివేడి గింజలు పోసిచ్చాడు. ఉప్పు, కారం, నిమ్మపొడి బాగా పట్టించి ఉన్నాయి.

"కారం మండిపోతోందే?"

"గింజ కాస్త చేదక్కా. చవగ్గా వస్తుంది కదా. కారం దట్టిస్తే చేదు తెలీదు. మా పిల్లలు కూడా ఇవే తింటారు. ఒకటే గోల, ఇంకా ఇంకా అని."

మూల ఒక బల్ల మీద ఆయన భార్య కూర్చుని పొట్లాలు కడుతోంది. ఎర్ర గీతలున్న పసుపు పొట్లం. మేస్త్రమ్మకు ఆ పొట్లం బాగా తెలుసు. వాళ్ల వీధి మలుపులో కొట్టు ముందు దండలా వేలాడుతుంది. మామ రోజూ సాయంత్రం, తమ దగ్గరే పెరుగుతున్న పెద్ద మనవరాలికి ఒకటి కొనితెస్తాడు. ఆ పిల్ల వేళ్లు నాకుతూ తింటుంటే ఎన్నిసార్లు ముద్దొచ్చి చూసిందో తను.

దించిన బస్తా మీదే కూర్చుండిపోయింది. ఆ బస్తాలోవి తను ఏరినవే. తను ఒక్కటి కూడా వదలకుండా, గర్వంగా, వేలు పెట్టి ఏరినవి. ఓడల మీద వెళ్లే పప్పులోంచి ఒక్కో విషపు గింజనీ తీసి, తన చేత్తో తన మనవరాలి పొట్లంలోకి చేరవేసింది.

"ఏమైందే? మంచినీళ్లు తాగుతావా?" అన్నాడు మామ కంగారుగా.

ఆమె మెల్లగా ల్యాబు అమ్మాయి చెప్పినదంతా చెప్పింది. అరవలేదు. పొట్లాల వ్యాపారి మొదట నవ్వాడు, తర్వాత పెళ్లాం వైపు చూశాడు. ఆమె కడుతున్న పొట్లం చేతిలోనే ఉండిపోయింది.

"నాకెవరూ చెప్పలేదక్కా. అమ్మోరి తోడు, నిజం."

"నాకూ ఎవరూ చెప్పలేదు తమ్ముడూ."

"కానీ ఒకటి. నేను మానేస్తే ఆ సరుకు ఆగిపోతుందా? రేపు ఇంకొకడొచ్చి కొంటాడు. వాడు నాలాగా అక్కా అని కుర్చీ కూడా వేయడు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మామ జేబులోంచి పిడికెడు గింజలు తీసి పొయ్యిలో వేశాడు. చిటపటమన్నాయి.

ఆదివారం బట్టలు ఉతుకుతున్నంతసేపూ మేస్త్రమ్మకు అదే ఆలోచన. ఏరకపోతే ఓడ మీద వెళ్లిన పప్పు తినేవాళ్లకి విషం. ఏరితే వీధిలో పిల్లలకి విషం. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. తెల్ల చొక్కాల బకెట్టులో నీలిమందు పోసి కలుపుతుంటే పక్కన ఆడుకుంటున్న మనవరాలు అందులో చెయ్యి ముంచి, "అమ్మమ్మా, నా చెయ్యి చూడు, దెయ్యం చెయ్యి!" అని ఎగిరింది. ఎంత తోమినా ఆ రంగు సాయంత్రం దాకా పోలేదు.

సోమవారం మేస్త్రమ్మ నాలుగు సీసాల నీలిమందు సంచిలో పెట్టుకుని పనికొచ్చింది. మూత డబ్బా తీసేసి, దాని స్థానంలో సగం నీళ్లున్న డ్రమ్ము పెట్టించింది. నీళ్లు నెమలి మెడలా నీలంగా మెరుస్తున్నాయి.

"ఇవాళ్టి నుంచి బూజు గింజలన్నీ ఇందులోకే."

"ఎందుకు మేస్త్రమ్మా, దిష్టికా?"

"కాదు. నీలం గింజని ఎంత కారం దట్టించినా ఎవడూ కొనడు. అందుకు."

వాళ్లలో అందరికంటే భయస్తురాలు, ఎప్పుడూ నోరు విప్పని చివరి స్టూలు పిల్ల, "మా పిల్లలు కూడా ఆ పొట్లాలే తింటారు" అని మొట్టమొదటి గింజ డ్రమ్ములో పడేసింది. ఇక చూడాలి. పదిహేడు మందీ పోటీలు పడి ఏరారు. వారం తిరిగేసరికి అందరి వేళ్లూ నీలం. ఒకామె మొగుడు, "రాత్రి అన్నంలో చెయ్యి పెట్టావా, సిరాలో పెట్టావా?" అని అడిగాడట. ఇంకొకామె బ్యాంకులో వేలిముద్ర వేయబోతే, "అమ్మా, ముందే వేసుకొచ్చారా?" అన్నారట.

శనివారం వ్యాను వచ్చింది, ఈసారి పొట్లాల వ్యాపారి కూడా అందులోంచి దిగాడు. గుమాస్తా మామూలుగానే బస్తాలు చూపించాడు. మామ మొదటి బస్తా విప్పాడు, మొహంలో ఏ భావమూ లేకుండా. పొట్లాల వ్యాపారి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"బావా, ఇవి గింజలా, గోలీలా?"

విషయం యజమాని దాకా వెళ్లింది. ఆయన వస్తూనే, "ఎవరు చేశారీ పని?" అని గర్జించాడు. పదిహేడు మంది ఆడవాళ్లు పదిహేడు జతల నీలం చేతులు పైకెత్తారు. మేస్త్రమ్మవి పద్దెనిమిదో జత.

"చెత్త అమ్ముకుంటే తప్పేంటి మేస్త్రమ్మా? నీకెందుకు ఈ తలనొప్పి?"

"చెత్తయితే నేను మాట్లాడను అయ్యా. ఇది విషం. ఏరింది నేను కాబట్టి తలనొప్పి నాదే. ముప్ఫై ఏళ్లు మీ మిల్లు పరువు నా వేళ్ల మీద నిలబెట్టాను. ఇప్పుడు ఆ వేళ్లతోనే పిల్లల నోట్లో విషం పెట్టమంటే నా వల్ల కాదు. వద్దంటే ఈ పూటే స్టూలు ఖాళీ చేస్తా."

రెండో విడత పరీక్షకొచ్చిన ల్యాబు అమ్మాయి ఓ మూల నిలబడి ఇదంతా వింటోంది. యజమాని కాస్త తగ్గి, "సరే, మనుషులకి వద్దులే. రంగు వేయకుండా ఉంచితే పశువులకైనా పెట్టుకోవచ్చుగా?" అన్నాడు.

"పశువుల కాలేయమూ పాడవుతుంది సార్" అంది ఆ అమ్మాయి. "పైగా ఆ విషం కాస్త రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది. తాగేవాళ్లకి మళ్లీ అదే ప్రమాదం."

యజమాని మొహం చూడాలి అప్పుడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది. విషయమేమిటంటే, నెలకు రెండు బస్తాల బూజు గింజలు దాణా పిండిగా ఆయనింటికే పోతున్నాయి. ఇంట్లో రెండు ఆవులు, వాటి పాలు తాగే ఎనభై ఏళ్ల తల్లి, ఇద్దరు కవల పిల్లలు.

"అమ్మా! ఆవులకి ఆ పిండి పెట్టకండి. ఇవాళ్టి పాలు పారబోయండి. ఆఁ? తాగేశావా? రెండు గ్లాసులా?" యజమాని గొంతు కీచుమంది. అవతల ముసలావిడ ఏమందో గానీ, ఆయన ఫోను చెవికి దూరంగా పెట్టుకుని చాలాసేపు తిట్లు తిన్నాడు. ల్యాబు అమ్మాయి, "రెండు గ్లాసులతో ఏమీ కాదు సార్, ఇవాళ్టి నుంచి దాణా మార్చండి, కొన్ని రోజుల్లో పాలు బాగవుతాయి" అని ధైర్యం చెప్పాక గానీ ఆయన కూర్చోలేదు.

ఆ పూటే తీర్మానమైపోయింది. కాయలు ఆరబెట్టే యంత్రానికి వలిచిన కాయల తొక్కతో మండే కొలిమి ఉంది. బూజు గింజలన్నీ ఇక అందులోకే. విరిగినదైనా మంచి పప్పు పొట్లాల వ్యాపారికి. చేదు లేదు కాబట్టి ఆయన కారం తగ్గించాడు, పిల్లలు మొదట్లో "ఇది ఆ రుచి కాదు" అని పేచీ పెట్టినా నెల తిరక్కుండానే అలవాటు పడ్డారు.

ల్యాబు అమ్మాయి మాత్రం మామను వదల్లేదు. ఇన్నేళ్లు చేదు గింజలు నమిలిన మనిషి ఒకసారి రక్తం చూపించుకోవాలంది. బస్తా పది అడుగుల నుంచి మీద పడ్డా నవ్విన మామ, సూది అనేసరికి రెండు వారాలు ఆమెకు కనపడకుండా తిరిగాడు. చివరికి మేస్త్రమ్మ రెక్క పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది.

ఒంట్లో 'బి' వైరస్ ఉందని తేలింది. ఎప్పటిదో, ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. కాలేయం మీద స్కానింగ్ చేస్తే ఒక చిన్న మచ్చ. డాక్టరమ్మ ఇంకో రెండు పరీక్షలు రాసింది. ఆ పది రోజులు షెడ్డులో మేస్త్రమ్మ అత్తగార్ల జోకులకు నవ్వలేదు. ఆమె నవ్వకపోతే ఎవరికీ నవ్వు రాలేదు. ఇంట్లో మామ కూడా మాట తగ్గించాడు. ఒక సాయంత్రం మాత్రం, "అందరూ వద్దన్నా తిన్నానే, నా నోరే నాకు శత్రువైంది" అన్నాడు.

"నోరు ఊరుకుంటే నిన్ను చేసుకునేదాన్నా నేను? ఆ నోరు చూసే కదా పడ్డాను" అంది ఆమె. అని వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగింది.

పరీక్షలొచ్చాయి. క్యాన్సరే. కానీ ఒక్కటే, చాలా చిన్నది. డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుని చెప్పింది. "వైరస్ వల్లా, ఆ గింజల వల్లా, ఇదీ అని వేలు పెట్టి చెప్పలేం. రెండూ కలిస్తే చెడ్డది, అంతవరకు తెలుసు. మీ అదృష్టం, తొందరగా వచ్చారు. ఇది వేరుశనగ గింజంత ఉంది. సూదిలాంటి దాన్ని లోపలికి పంపి వేడితో కాల్చేస్తాం."

"వేరుశనగ గింజంతా?" మామ కళ్లు పెద్దవి చేశాడు. "డాక్టరమ్మా, పప్పా, కాయా?"

మేస్త్రమ్మ పది రోజుల తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మామ మూడు రోజుల్లో ఇంటికొచ్చాడు. వైరస్‌కి రోజూ ఒక మాత్ర, మూడు నెలలకోసారి స్కానింగ్. వైరస్ ఇంట్లోవాళ్లకి అంటకుండా మేస్త్రమ్మకీ, కూతురికీ పరీక్షలు చేసి టీకాలు వేశారు. మనవరాళ్లకి పుట్టినప్పుడే వేశారట. ఇది విని మిల్లులో ఆడవాళ్లంతా క్యూ కట్టి పరీక్షలు చేయించుకున్నారు. ఏడాది దాటింది, మచ్చ మళ్లీ కనపడలేదు. డాక్టరమ్మ ఇంకా జాగ్రత్త అంటూనే ఉంది. మామ జేబులో ఇప్పుడు శనగలు.

ల్యాబు అమ్మాయి ఇంకో పని పెట్టింది. బూజు మిల్లులో పుట్టదు, పొలంలోనూ కళ్లంలోనూ పుడుతుంది. పీకిన కాయని వెంటనే, బాగా ఆరబెడితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఆ మాట రైతులకి చెప్పాలి. "నేను చెప్తే కళ్లద్దాల పిల్లేదో వాగుతోంది అనుకుంటారు పెద్దమ్మా. మీరు రండి" అని వెంటపడింది. యజమాని కూడా మిల్లు వ్యాను ఇచ్చి పంపాడు.

మొదటి మీటింగు ఒక బడి హాల్లో. నూటయాభై మంది రైతులు. మైకు చేతికిస్తే మేస్త్రమ్మకు నేర్చుకొచ్చిన ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. అప్పుడు ముందు వరసలోంచి మీసాల ముసలాయన లేచి, "నేను డెబ్భై ఏళ్లుగా బూజు కాయలు తింటున్నాను. నాకేమైంది?" అన్నాడు.

అంతే, ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తన షెడ్డులో ఉన్నట్టే అనిపించింది.

"నీకేమీ కాలేదు తాతా, సంతోషం. రోడ్డుకి అడ్డంగా పరిగెత్తి బతికినవాళ్లు కూడా బోలెడుమంది ఉన్నారు. అలాగని మనవల్ని పరిగెత్తించవు కదా?"

హాలు గొల్లుమంది. ముసలాయన మీసం మెలేసుకుని, "ఈ ఆవిడెవరో మా అత్త లాగుంది" అని కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమె ఆగలేదు. బూజు కాయ ఆయిల్ మిల్లుకి పోతే ఏమవుతుందని ఒకరు, ఎన్ని రోజులు ఎండాలని ఇంకొకరు, తడి కాయ గోనెలో కుక్కితే ఎంత సేపట్లో వేడెక్కుతుందని మరొకరు అడిగారు. తెలిసినవి చెప్పింది. తెలియనివి ల్యాబు అమ్మాయి వైపు తోసింది.

నాలుగవుతుంటే కిటికీలు టపటపా కొట్టుకున్నాయి. ఎవరో బయటికి చూసి, "మబ్బు పట్టింది!" అన్నారు. ఒక్క క్షణంలో హాలు ఖాళీ. ఊళ్లో ప్రతి వాకిట్లోనూ కాయలు ఆరబోసి ఉన్నాయి మరి. మేస్త్రమ్మ మైకు బల్ల మీద పడేసి చీర కుచ్చిళ్లు దోపుకుంది.

"ఇంకా చూస్తావేం అమ్మాయ్, ఆ రెండో కొస పట్టుకో!"

ఇద్దరూ కలిసి ఎవరిదో తెలియని ఇంటి ముందు పెద్ద టార్పాలిను లాగారు. ల్యాబు అమ్మాయి కళ్లద్దాల మీద తొలి చినుకులు పడ్డాయి. మీసాల ముసలాయన బడి వైపు నుంచి పరిగెత్తుకొస్తూ, "అది మా వాకిలమ్మా! అంచుల మీద రాళ్లు పెట్టు, రాళ్లు పెట్టు!" అని అరుస్తున్నాడు. మేస్త్రమ్మ వంగి రాళ్లు ఏరసాగింది.